చద్దిమూట ఎక్కడి నుంచి వచ్చింది? ‘యాత్రికుని ప్రయాణము’ పాఠకుల స్పందనను సరిహద్దు తెలుగువారి మధ్య పరిశోధించే పద్ధతి

పర్లాకిమిడిలో మా పెద్దమ్మ ఇంట్లో గోధుమరంగు కాగితం అట్ట వేసిన పాత పుస్తకం ఒకటి ఉండేది. అట్ట మీద ఎవరో పెన్సిలుతో ‘యాత్రికుని ప్రయాణము’ అని రాశారు. పెద్దమ్మకు చదవడం రాదు. కథ మాత్రం మొదటి నుంచి చివరిదాకా చెప్పేది. వీపు మీద మూటతో ఒక మనిషి ఊరు విడిచి వెళుతుంటే అతని భార్య చద్దిమూట పట్టుకొని పొలిమేర దాకా వెంట నడిచిందని చెబుతూ అక్కడ కాసేపు ఆగేది. కాలేజీ రోజుల్లో ఆ పుస్తకం చేతికి తీసుకున్నాక చూస్తే అందులో చద్దిమూట లేదు. భార్యాపిల్లలు వెనక్కి రమ్మని కేకలు వేస్తుంటే అతడు చెవుల్లో వేళ్ళు పెట్టుకొని ‘జీవం, నిత్యజీవం’ అని అరుస్తూ పరుగెత్తుతాడు.

చద్దిమూట పెద్దమ్మది. ఆ కథకు ఆమె ఇచ్చిన జవాబు అది. పాఠక స్పందన మీద పరిశోధన అంటే నా దృష్టిలో ఇలాంటి చద్దిమూటలు వెతకడమే. ఎం.ఏ. ప్రాజెక్టు చేస్తున్నవారికి, తమ క్రైస్తవ సంఘ చరిత్ర రాయాలనుకునే యువకులకు, ఊరికే కుతూహలం ఉన్నవారికి కూడా పనికివచ్చేలా నేను నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతాను. ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల తెలుగువారిని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

మొదటి పని: పుస్తకం సంగతి తేల్చుకోవడం

‘యాత్రికుని ప్రయాణము’ జాన్ బన్యన్ ఇంగ్లీషులో రాసిన ‘ది పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’కు తెలుగు అనువాదం. పాపభారం మోస్తూ పరలోక పట్టణానికి నడిచే ఒక యాత్రికుడి కథ అది. బన్యన్ 1628లో ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ దగ్గరి ఎల్‌స్టో అనే పల్లెలో పుట్టాడు. తండ్రిలాగే పాత్రలకు మాట్లు వేసి బతికాడు. ప్రభుత్వ చర్చి అనుమతి లేకుండా బోధించినందుకు 1660 నుంచి 1672 వరకు జైల్లో ఉన్నాడు. ఈ పుస్తకం మొదటి భాగం 1678లో వచ్చింది. ఆ మనిషి భార్య, పిల్లలు తామూ అదే దారిన బయలుదేరే రెండో భాగం 1684లో వచ్చింది.

ఈ రెండు భాగాల విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ పరిశోధన అంతా దీని మీద తారుమారు కావచ్చు. భార్యను వదిలి వెళ్ళాడని మండిపడే పాఠకురాలు మొదటి భాగం మాత్రమే చదివిందా, రెండూ చదివిందా? రెండో భాగం ఉందని తెలియకపోతే ఆమె కోపం ఒక రకం, తెలిసి కూడా కోపం వస్తే అది మరో రకం. కాబట్టి ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు వాళ్ళ ప్రతిని చూపించమని అడగండి. ఎన్ని పేజీలు, ఏ సంవత్సరం ముద్రణ, బొమ్మలున్నాయా, పిల్లల కోసం కుదించినదా, గ్రాంథికమా వ్యావహారికమా, రెండు భాగాలూ ఉన్నాయా అన్నవి రాసుకోండి. పాత్రల పేర్లు తెలుగులో ఎలా పెట్టారో కూడా రాసుకోండి. నేనిక్కడ వాడుతున్న పేర్లు నేను పెట్టుకున్నవి, మీకు దొరికే ప్రతిలో వేరుగా ఉండవచ్చు.

ఇక మొదటి ఖాళీ పేజీని వదలకండి. సండే స్కూలు బహుమతి, పెళ్ళి కానుక, ‘ఫలానా అన్నయ్యకు ప్రేమతో’ లాంటి రాతలే ఆ పుస్తకం ఎవరి చేతుల మీదుగా ఎలా తిరిగిందో చెబుతాయి. గీతలు గీసిన వాక్యాలు, మడిచిన మూలలు, లోపల దాచిన రశీదులు అన్నీ సాక్ష్యాలే. ఇంటివారిని అడిగి ఫోనుతో ఫొటో తీసుకోండి. ఒక ప్రతిలో మొదటి ఇరవై పేజీలు నలిగి నల్లబడి, మిగతా పుస్తకం కొత్తగా మెరుస్తుండటం చూశాను. దానిని మించిన స్పందన పత్రం ఏ పాఠకుడు రాసి ఇస్తాడు?

రెండో పని: నేల సంగతి

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి పట్టణం, కోరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్ళాయి. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, బడి భాష మారింది. మూడు తరాల తరువాత ఇప్పుడు ఇంట్లో శుభ్రంగా తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని యువకులు కనిపిస్తారు. వాళ్ళ చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగింది. అలాంటి కుర్రవాడిని ‘పాఠకుడు కాదు’ అని జాబితాలోంచి కొట్టేస్తే సగం ఊరిని కొట్టేసినట్టే. అతడు ఈ కథను అమ్మమ్మ నోట విన్నాడేమో, ఒడియాలో చదివాడేమో. పంతొమ్మిదో శతాబ్దంలోనే బాప్టిస్టు మిషనరీ ఏమస్ సట్టన్ దీనిని ఒడియాలోకి అనువదించాడు. ఈ ప్రాంతంలో ‘పాఠకుడు’ అనే మాటకు ‘శ్రోత’ను కూడా కలుపుకొని అర్థం చెప్పుకోండి, ఆ సంగతి నివేదిక మొదటి పేజీలోనే రాయండి.

సంఘాల నేపథ్యం కూడా ఒకటి కాదు. కోరాపుట్, జయపురం వైపు జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి 1882లో వచ్చిన లూథరన్ మిషనరీల వారసత్వం ఉంది. పర్లాకిమిడి, సెరాంగో వైపు కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు. సెరాంగో కొండల్లోని సవర ఆదివాసులకు తమ భాష, తమ పాటలు ఉన్నాయి. వారి స్పందనను తెలుగువారి స్పందనతో కలిపి ఒకే పట్టికలో వేయడం నాకు నచ్చదు. అది వేరే పరిశోధన, సవర తెలిసినవారు చేయవలసినది.

మూడో పని: ప్రశ్నను చిన్నది చేసుకోవడం

‘ఈ గ్రంథంపై పాఠకుల స్పందన’ అని శీర్షిక పెట్టుకుంటే మునిగిపోతారు. పుస్తకంలో నాలుగు ఘట్టాలు ఎంచుకోండి, చాలు. నేను ఎంచుకునేవి ఇవి.

ఒకటి, ఇల్లు విడిచే ఘట్టం. సంసారం వదిలి అడవికి వెళ్ళినవారి కథలు మనకు కొత్త కాదు. అర్ధరాత్రి భార్యను, బిడ్డను విడిచి వెళ్ళిన సిద్ధార్థుడి కథ తెలియనివారెవరు? అయినా సన్యాసికి ఇచ్చే మర్యాదను ఈ మనిషికి ఇవ్వని పాఠకులు ఉంటారు. ఎందుకు ఇవ్వరో కనుక్కోవడమే పని.

రెండు, దుమ్ము గది. ‘అర్థం చెప్పేవాడు’ అనే పాత్ర ఇంట్లో ఏనాడూ ఊడ్వని గది ఒకటి ఉంటుంది. ఒకడు చీపురు పట్టగానే దుమ్ము లేచి యాత్రికుడికి ఊపిరాడదు. అప్పుడొక అమ్మాయి వచ్చి నీళ్ళు చిలకరిస్తే గది హాయిగా శుభ్రపడుతుంది. ధర్మశాస్త్రం దుమ్ము లేపుతుంది, సువార్త అణచుతుంది అని తరువాత వివరణ వస్తుంది. రోజూ తెల్లవారకముందే వాకిట్లో నీళ్ళు చల్లి ఊడ్చే ఆడవారికి ఈ గది గురించి బన్యన్ కన్నా ఎక్కువే తెలుసు. వివరణ రాకముందే చదవడం ఆపి, దీని భావమేమిటని అడగండి. వచ్చే జవాబులు పుస్తకంలోని వివరణను దాటిపోతాయి.

మూడు, సందేహ దుర్గం. నిరాశ అనే రాక్షసుడు ఇద్దరు యాత్రికులను బుధవారం ఉదయం నుంచి శనివారం రాత్రి దాకా తిండీ నీళ్ళూ లేకుండా చెరలో పెడతాడు. రోజూ రాత్రి పడుకునేముందు వాళ్ళనేం చేయాలో భార్యను సలహా అడుగుతాడు. చివరికి యాత్రికుడికి తన రొమ్ములోనే వాగ్దానం అనే తాళంచెవి ఉందని గుర్తొస్తుంది. ఇక్కడ నవ్వేవారు, కళ్ళు తుడుచుకునేవారు ఒకే గదిలో ఉంటారు. పక్కపక్కనే కూర్చుని కూడా ఉండవచ్చు.

నాలుగు, చివరి నది. పరలోక పట్టణానికి ముందు వంతెన లేని నది ఒకటి. దిగినవాడి నమ్మకాన్ని బట్టి లోతు మారుతుంది. ఈ పేజీ వినగానే మన పెద్దలకు వైతరణి గుర్తుకు రావచ్చు. ఒడిశాలో వైతరణి పేరుతో నిజమైన నదే ప్రవహిస్తోంది కూడా. గోదానం చేసినవాడు ఆవు తోక పట్టుకొని దాటుతాడన్న నమ్మకం పక్కన, స్నేహితుడు తల పైకెత్తి పట్టుకుంటే యాత్రికుడు దాటే ఈ నదిని పెట్టి చూడమని అడగండి. క్రైస్తవులు కానివారితో మాట్లాడటానికి ఇంతకన్నా మంచి గడప మరొకటి దొరకదు.

దారి మొదట్లోనే యాత్రికుడు కూరుకుపోయే ఊబి ఘట్టాన్ని ఐదోదిగా పెట్టుకోవాలని నాకు ఎప్పుడూ మనసు లాగుతుంది. ఆ ఊబిని పూడ్చడానికి ఇరవై వేల బండ్ల సరుకు పోసినా అది అలాగే మింగేసిందని బన్యన్ రాశాడు. కొండ రోడ్ల మీద వానాకాలం బస్సులో తిరిగినవారికి ఆ వాక్యం చదివి వినిపించి చూడండి.

నాలుగో పని: మనుషులు, అనుమతులు

పన్నెండు మంది చాలు. తెలుగు చదవగల పెద్దలు, ఒడియా చదువుల యువకులు, చదువు రాని శ్రోతలు, క్రైస్తవేతరులు అని నాలుగు గుంపులు, గుంపుకు ముగ్గురు. ఆడవారు సగానికి తగ్గకూడదు. ఒక గంట మాటలను కాగితం మీదకు ఎక్కించడానికి ఐదారు గంటలు పడుతుంది. ఒక్కొక్కరిని రెండుసార్లు కలవాలి కాబట్టి పన్నెండు మందికే నెలలు గడిచిపోతాయి.

సంఘంలో అడుగు పెట్టేముందు పాస్టరు గారికి, పెద్దలకు చెప్పండి. అయితే పాస్టరు గారు ఎంచి పంపిన వారితోనే ఆగిపోవద్దు. ఆయన పంపేవారంతా చక్కగా మాట్లాడేవారే అయి ఉంటారు. ఆదివారం వెనక బెంచీలో కూర్చుని ముందుగా లేచి వెళ్ళిపోయే మనిషి నాకు ముఖ్యం.

ఇప్పుడు జాగ్రత్త మాట ఒకటి. ఒడిశాలో మత స్వాతంత్ర్య చట్టం 1967లోనే వచ్చింది. బలవంతంగా, ఆశచూపి, మోసంతో మతం మార్చడాన్ని అది నిషేధిస్తుంది. పక్కనున్న కంధమాల్ జిల్లాలో 2007 డిసెంబరులో, 2008 ఆగస్టులో జరిగిన హింస ఈ జిల్లాలవారికి ఇంకా పచ్చిగా గుర్తుంది. క్రైస్తవ నవల కట్టలు సంచిలో వేసుకొని ఇల్లిల్లూ తిరిగి ఉచితంగా పంచితే మీరు పరిశోధకుడని ఎవరూ అనుకోరు. ఎదుటివారికీ చిక్కు తెస్తారు. ప్రతులు పంచవద్దు. క్రైస్తవేతరులతో కూర్చునేటప్పుడు కాలేజీ గదిలోనో గ్రంథాలయంలోనో కూర్చోండి. పుస్తకం ఏమిటో, ఎందుకు చదువుతున్నారో మొదటే చెప్పండి. పేరు, ఊరు, వీధి రాయకండి. ‘పె1’, ‘యు3’ వంటి గుర్తులు పెట్టుకోండి. ఏ గుర్తు ఎవరిదో తెలిపే చీటీని విడిగా దాచి, పని ముగిశాక చింపేయండి. ఎవరైనా మధ్యలో వద్దంటే వారి మాటలను ఆ రోజే తీసేయండి, ఎందుకని అడగవద్దు.

ఐదో పని: కూర్చోవడం, చదవడం, ఆగడం

ఇది అసలు పని. ఇక్కడ నిదానంగా వెళదాం.

చదవగలిగినవారికి పెన్సిలు ఇవ్వండి. ఆగిన చోట చుక్క, అర్థం కానిచోట ప్రశ్న గుర్తు, మళ్ళీ చదవాలనిపించిన చోట అడ్డగీత పెట్టమనండి. అంతకుమించి ఏమీ చెప్పకండి. చదవలేనివారికి మీరే చదవండి, లేదా ఇంట్లో పిల్లల చేత చదివించండి. పిల్లవాడు తడబడినచోట అమ్మమ్మ వాక్యం అందుకుంటే అది పెద్ద వార్త. ఆమెకు ఆ పుస్తకం నోటికి వచ్చన్నమాట.

వినేవారి ముఖం చూడండి. ఎక్కడ నవ్వారు, ఎక్కడ ‘అయ్యో’ అన్నారు, ఎక్కడ లేచి పొయ్యి చూసి వచ్చారు, అన్నీ గడియారం సమయంతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. ఎడమ పేజీలో జరిగింది మాత్రమే, కుడి పేజీలో మీకు తోచింది. ఈ రెండూ కలిస్తే నెల తరువాత ఏది వారి మాటో, ఏది మీ ఊహో మీకే తెలియదు. నా మొదటి నోటుపుస్తకం అలాగే చెడింది. నలభై పేజీలు పారేశాను.

1929లో ఐ. ఎ. రిచర్డ్స్ తాను కేంబ్రిడ్జిలో చేసిన పని గురించి రాశాడు. కవుల పేర్లు తీసేసి పద్యాలు మాత్రమే విద్యార్థుల చేతిలో పెట్టి, ఏమనిపించిందో రాయమన్నాడు. పెద్ద పేరు పక్కన లేకపోతే జవాబులు ఎంతగా మారతాయో బయటపడింది. మీరూ యువకుల గుంపుతో అలా చేయవచ్చు. పుస్తకం పేరు ముందే చెబితే ‘దైవ గ్రంథం’ అన్న భక్తి గదిలోకి ముందుగా వచ్చి కూర్చుంటుంది. పేరు చెప్పకుండా దుమ్ము గది పేజీ మాత్రమే వినిపించి మాట్లాడనివ్వండి. అయితే అదే రోజు, వారు లేచి వెళ్ళేలోగా, అది ఏ పుస్తకమో చెప్పి తీరాలి. క్రైస్తవేతరులతో మాత్రం ఈ దాపరికం వద్దే వద్దు.

చదవడం అయ్యాక అభిప్రాయం అడగకండి. కథ చెప్పమనండి. ‘మీ మనవరాలికి ఎలా చెబుతారో అలా చెప్పండి’ అంటే చాలు. వారం తరువాత వెళ్ళి మళ్ళీ చెప్పించుకోండి. మనస్తత్వ శాస్త్రవేత్త ఎఫ్. సి. బార్ట్‌లెట్ 1932లో ఈ దారి చూపాడు. ఇంగ్లండు పాఠకులకు తెలియని ఒక జాతివారి కథ ఇచ్చి, కొంతకాలం ఆగి మళ్ళీ చెప్పమంటే, కొరుకుడు పడనివి జారిపోయాయి, కొత్తవి తెలిసినవాటి రూపంలోకి మారాయి. మన పనిలో ఇంగ్లండు కథ పర్లాకిమిడికి వచ్చింది కాబట్టి మార్పు ఇటునుంచి చూస్తాం. మొదటి కథనాన్ని, వారం తరువాతి కథనాన్ని, పుస్తకాన్ని మూడు నిలువు వరుసల్లో పక్కపక్కన రాయండి. ఏది రాలిపోయింది, ఏది చేరింది, ఏ క్రమం మారింది? చద్దిమూటలు దొరికేది ఇక్కడే.

సాక్ష్యం వచ్చి అడ్డుపడినప్పుడు

సంఘంలో ఎవరిని అడిగినా మొదట వచ్చేది సాక్ష్యం, అంటే దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందు చెప్పుకునే తీరు. ‘ఈ పుస్తకం మీకు నచ్చిందా?’ అంటే ‘చాలా దీవెనకరంగా ఉందండీ’ అంటారు. అబద్ధం కాదది. అలవాటైన మాట. కూటంలో లేచి నిలబడి చెప్పే తీరు మీ ముందు కూడా నోటికి వచ్చేస్తుంది. అడ్డుకోకండి, పూర్తిగా చెప్పనివ్వండి, రాసుకోండి. ఆ తరువాత పనులను గురించి అడగండి.

‘ఆ మనిషి భార్యకు మీరు అక్కో పిన్నో అయితే ఆ రాత్రి ఆమెకు ఏం చెప్పేవారు?’ అని అడగండి. ‘ఇందులో మీ ఊరి మనిషి ఎవరు?’ అని అడగండి. లోకజ్ఞాని అనే పెద్దమనిషి పాత్ర ఒకటుంది. 1678లోనే వచ్చిన రెండో ముద్రణలో బన్యన్ అతన్ని కొత్తగా చేర్చాడు. అతని ప్రస్తావన రాగానే అందరికీ ఎవరో ఒకరు గుర్తొస్తారు. పేరు చెప్పవద్దని మీరే ముందు చెప్పాలి, లేకపోతే సాయంత్రానికి ఊళ్ళో తగాదా మొదలవుతుంది. ‘ఎక్కడ పుస్తకం మూసేశారు?’ అన్నది నాకు ఇష్టమైన ప్రశ్న. మూసేసిన చోటును ఎవరూ సిద్ధం చేసుకొని రారు.

మరొక ప్రశ్న ఈ నేలకే చెందినది. బైబిలులోని హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయంలో ‘పరదేశులు’, ‘యాత్రికులు’ అన్న మాటలు జంటగా వస్తాయి. 1936లో గీత అవతల పడిన కుటుంబాల చెవికి ‘పరదేశి’ అన్న మాట ఎలా వినిపిస్తుంది? నేరుగా అడిగితే తడుముకుంటారు. ఆ వచనం చదివి ఊరుకోండి. కొందరు బడి భాష గురించి మాట్లాడతారు, కొందరు పెళ్ళి సంబంధాల గురించి, కొందరు పరలోకం గురించి. ఎవరు ఏ దారి పట్టారో రాసుకోవడమే మీ పని.

ఆరో పని: మాటను మాటగా రాయడం

పర్లాకిమిడి తెలుగులో ఒడియా మాటలు కలుస్తాయి. దిద్దకండి. పత్రికల తెలుగులోకి మార్చి రాస్తే మనిషి కనిపించకుండా పోతాడు. ఆ పట్టణంలోనే ఉపాధ్యాయుడిగా ఉండి, సవర భాషకు నిఘంటువు కూర్చి, మనుషులు మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి ఊరది. ఆ ఊరివారి మాటను గ్రాంథికంలోకి తిప్పడానికి మనకు చెయ్యెలా వస్తుంది? పాత అనువాదాల గ్రాంథికం గురించి కూడా అడగండి. ‘అర్థం కాదు, కానీ వింటుంటే బైబిలులా ఉంటుంది’ అనేవారికి ఆ భాషే భక్తి. వ్యావహారికంలో చదివి వినిపిస్తే కథ తేలికైపోయిందని వారు చిన్నబుచ్చుకోవచ్చు.

ఏడో పని: పోల్చి చూడటం

కాగితాలన్నీ నేల మీద పరిచి మూడుసార్లు చదవండి. మూడోసారి రంగు పెన్సిళ్ళు తీసుకోండి. కోపం ఒక రంగు, నవ్వు ఒకటి, తన జీవితంతో పోలిక ఒకటి, కొత్తగా చేర్చినది ఒకటి. ఐదారు రంగులు దాటితే మీకే గందరగోళం. రెండు కాగితాలను మరొకరికి ఇచ్చి విడిగా రంగులు వేయమనండి. ఇద్దరికీ తేడా వచ్చినచోట మీ నిర్వచనం వదులుగా ఉందని అర్థం.

పన్నెండు మందితో శాతాలు లెక్కకట్టవద్దు. ‘అరవై ఏడు శాతం పాఠకులు’ అని రాయడం కన్నా ‘పన్నెండు మందిలో ఎనిమిది మంది’ అని రాయడం నిజాయితీ. మీ ఊహకు ఎదురు తిరిగే ఒక్క మనిషి దొరికితే అతనికి ఒక పేజీ పూర్తిగా ఇవ్వండి. భార్యను విడిచి వెళ్ళడం సరైన పనేనని గట్టిగా వాదించే ఒంటరి తల్లి మీకు ఎదురైతే, ‘ఆడవారంతా కోప్పడ్డారు’ అని మీరు రాసుకున్న వాక్యం చెల్లదు. ఆమెను పక్కన పెట్టవద్దు, ఆ వాక్యాన్నే కొట్టేయండి.

చివరి పని: తిరిగి వినిపించడం

నివేదిక కాలేజీకి ఇచ్చేముందు పాల్గొన్నవారిని పిలిచి చదివి వినిపించండి. తెలుగు అక్షరం రాని యువకుల కోసం వారు చెప్పిన తెలుగు మాటలనే ఒడియా లిపిలో రాయించి ఒక ప్రతి ఇవ్వండి. అర్థం తప్పిన చోట వాళ్ళే దిద్దుతారు. ఆ దిద్దుబాట్లను కూడా తేదీ వేసి చేర్చండి.

నేను ఆలస్యంగా మేలుకున్నాను. పుస్తకం పూర్తిగా చదివాక పెద్దమ్మ దగ్గరకు వెళ్ళి, భార్య చద్దిమూట తెచ్చినట్టు ఇందులో లేదు కదా అన్నాను. ఆమె నా వంక వింతగా చూసింది. ‘అంత దూరం పోయే మనిషిని ఎవరైనా ఖాళీ కడుపుతో పంపుతారా? రాసినాయన మరిచిపోయి ఉంటాడు’ అంది. అప్పుడు నా దగ్గర నోటుపుస్తకం లేదు.